మూడు నిమిషాలు చాలు, అమ్మలూ

అంబాజీపేట,
కార్తీకమాసం.



నీ మెయిలు మీ అత్త పైకి చదివి వినిపించింది. తర్వాత కళ్లజోడు పెట్టుకుని నేనూ చదువుకున్నాను. ఫోన్లో చెప్పేయొచ్చు గానీ ఫోన్లో అయితే నువ్వు మధ్యలో వాదన పెట్టుకుంటావు, నేను మాట మర్చిపోతాను. అందుకే కాగితం.

ఉద్యోగం మానేసి, ఊరొచ్చి, సొంతంగా పొట్టి యానిమేషన్ సినిమాలు తీసుకుంటానంటున్నావు. రా. అందులో నాకు రెండో మాట లేదు. నాకు నచ్చనిదల్లా మన కనుమ ప్రభల తీర్థం మీద నువ్వు రాసిన ఆ ఇరవై నిమిషాల సినిమా. దాంతో మొదలుపెట్టకు.

లెక్క కట్టి చూడు. తెర మీద సెకనుకి 24 ఫ్రేములు. నువ్వెలాగూ రెండు ఫ్రేములకో బొమ్మ చొప్పునే వేస్తావు గనక సెకనుకి 12 బొమ్మలు. ఇరవై నిమిషాలంటే 1,200 సెకన్లు, 14,400 బొమ్మలు. రోజుకి శుభ్రమైనవి 15 వేస్తావనుకుందాం. అదేం తక్కువ కాదు, రంగులు కూడా నువ్వే వేసుకోవాలి కదా. అంటే 960 రోజులు. ఆదివారాలు, జ్వరాలు, పెళ్లిళ్లు, కరెంటు లేని రోజులు తీసేస్తే మూడేళ్లు దాటి నాలుగో ఏట పడతావు. ఇందులో బ్యాక్‌గ్రౌండ్లు లేవు, శబ్దం లేదు, ఎడిటింగ్ లేదు. అదే మూడు నిమిషాలైతే 2,160 బొమ్మలు, 144 రోజులు. మిగతా పనంతా కలుపుకున్నా ఏడాది తిరక్కుండా సినిమా చేతికొస్తుంది. కదలకుండా నిలబెట్టే షాట్లు, మళ్లీ మళ్లీ వాడుకునే నడకలు పెట్టుకుంటే అంకెలు తగ్గుతాయని నువ్వంటావు. తగ్గుతాయి. కానీ ఇరవై నిమిషాలు చేతిలో ఉన్నాయనుకున్నవాడు కథని పెంచుకుంటూ పోతాడు, ఆ తగ్గినదంతా అక్కడికే పోతుంది.

యూరీ నార్‌స్టైన్ గురించి నీకు నేను చెప్పక్కర్లేదు. 1975లో 'హెడ్జ్‌హాగ్ ఇన్ ద ఫాగ్', 1979లో 'టేల్ ఆఫ్ టేల్స్' తీశాడు. ఒకటి పది నిమిషాలు, రెండోది అరగంట లోపు. 1981లో గొగోల్ రాసిన 'ఓవర్‌కోట్' కథ ఎత్తుకున్నాడు. అది ఇంకా పూర్తి కాలేదు. ముందు ఆ రెండూ తీసి పెట్టాడు గనక మూడోదాని కోసం ప్రపంచం కాచుకుని కూర్చుంది. ఒక్క సినిమా కూడా తీయని అంబాజీపేట పిల్ల కోసం ఎవరు కాచుకుంటారు? మీ అమ్మ కాచుకుంటుంది, అదీ నీ పెళ్లి కోసం.

అమెరికాలో బిల్ ప్లింప్టన్ ఉన్నాడు. సొంత డబ్బు పెట్టుకుని, చేత్తో బొమ్మలేసుకుని, దాని మీదే బతికిన మనిషి. సినిమా పొట్టిగా ఉండాలి, చవగ్గా అవ్వాలి, నవ్వు రావాలి అని మూడు నియమాలు పెట్టుకున్నాడు. 1987 నాటి ఆయన 'యువర్ ఫేస్' ఆస్కార్ నామినేషన్ దాకా వెళ్లింది. ఒక మనిషి కూర్చుని పాట పాడుతుంటే మొహం రకరకాలుగా సాగి, మెలిపడి, వంకర్లు పోతుంది. అంతే సినిమా. ఇంకో పాత్ర లేదు, ఇంకో సీను లేదు. ఆ మూడో నియమం నీకు పట్టకపోవచ్చు, నీ చేతిలో నవ్వు కాస్త తక్కువ. మొదటి రెండూ మాత్రం గోడ మీద రాసి పెట్టుకో.

పెద్ద సినిమా తీయొద్దని అనడం లేదు. డాన్ హెర్ట్‌జ్‌ఫెల్ట్ చేసిన పద్ధతి చూడు. పుల్లల మనుషులతో 2006లో ఒక పొట్టి సినిమా, 2008లో దాని తర్వాతి భాగం, ఆ పైన మూడోది. మూడూ కలిపి 2012లో 'ఇట్స్ సచ్ ఎ బ్యూటిఫుల్ డే' అని పూర్తి సినిమాగా విడుదల చేశాడు. దేనికదే ఒక సినిమా, కలిపితే ఇంకో సినిమా. మధ్యలో ఎక్కడ ఆగిపోయినా చేతిలో ఏదో ఒకటి మిగిలి ఉండేది. నీ ఇరవై నిమిషాలూ అలా ముక్కలు చేసుకో. ముక్కకి ముక్క నిలబడాలి సుమా.

మన కొబ్బరిచెట్టు మామిడిలా ఏడాదికోసారి కాసి ఊరుకోదు. నెలకో గెల తోస్తుంది. దింపు మనిషి ఎప్పుడెక్కినా ఒక గెల ముదిరి ఉంటుంది, ఒకటి లేత బొండాల మీద ఉంటుంది, ఒకటి పొత్తిలోంచి అప్పుడే బయటపడుతూ ఉంటుంది. నీ పని అలా సాగాలి. ఒక సినిమా ఫెస్టివల్స్ తిరుగుతూ ఉండాలి, ఒకటి బల్ల మీద, ఇంకోటి నోట్‌బుక్‌లో.

గీతాంజలి రావు 'ప్రింటెడ్ రెయిన్‌బో' నీకు చూపించింది నేనే. పిల్లితో ఒంటరిగా ఉండే ముసలావిడ, ఆవిడ దాచుకున్న అగ్గిపెట్టెల బొమ్మలు. పదిహేను నిమిషాలు. 2006లో కాన్స్ క్రిటిక్స్ వీక్‌లో మూడు బహుమతులొచ్చాయి. ఆవిడ ఒక్కతీ మూడేళ్ల పాటు బొమ్మలేసుకుంటూ కూర్చుంది కదా, నేను కూర్చుంటే తప్పేమిటని నువ్వు అడుగుతావు. ఆవిడ అంతకు ముందు రామ్ మోహన్ గారి స్టూడియోలో పనిచేసింది, 'ఆరెంజ్' అని చిన్న సినిమా తీసింది, ఆ తర్వాత కూర్చుంది. 'బాంబే రోజ్' అనే పూర్తి నిడివి సినిమా 2019లో గానీ రాలేదు, అప్పటికి చుట్టూ చాలామంది చిత్రకారులున్నారు. ఆ వరస చూసుకో.

మనవైపు ఒంటరిగా తీసేవాళ్లకి ఇంకా బాట పడలేదు. 2006లో 'కిట్టు' వచ్చింది, జాతీయ అవార్డు కూడా తెచ్చుకుంది. 2008లో సింగీతం శ్రీనివాసరావు గారు 'ఘటోత్కచ్' తీశారు. హైదరాబాద్‌లో గ్రీన్ గోల్డ్ సంస్థని 2001లో పెట్టారు, 2008 నుంచి వాళ్ల ఛోటా భీమ్ దేశమంతా ఏలుతున్నాడు. అవన్నీ సంస్థలు చేసిన పనులు. పెట్టుబడి, జీతాలు, టీవీ చానళ్లు వెనక ఉన్నవి. తెలుగువాళ్లు బొమ్మల సినిమా చూడరన్న మాట మాత్రం ఇక చెల్లదు. 2025లో 'మహావతార్ నరసింహ'కి జనం పిల్లల్ని ఎత్తుకుని మరీ వెళ్లారు. యూట్యూబ్‌లో 'ఫిల్మీమోజీ' వాళ్ల మిడిల్ క్లాస్ మధు చూడు. ఆ గీత నీకు నచ్చదు, నాకూ నచ్చదు. కానీ ఆ మాటలు మన వంటింట్లోవి, మన వసారాలోవి. అందుకే చూస్తున్నారు.

ఇక అంబాజీపేటలో కూర్చుంటే ఎవరికి కనపడతాను అని ఒక వాక్యం రాసి కొట్టేశావు. కొట్టేసినా కనపడింది. గింట్స్ జిల్‌బలోడిస్ ఎక్కడ కూర్చున్నాడు? లాత్వియా దేశం మొత్తం జనాభా పంతొమ్మిది లక్షల లోపే. మన కోనసీమ జిల్లాలోనే 2011 లెక్కల్లో పదిహేడు లక్షల పైచిలుకు ఉన్నాం. అతను ముందు పొట్టి సినిమాలు తీశాడు, తర్వాత 'అవే' అనే పూర్తి సినిమా ఒక్కడే తీశాడు, అది 2019లో వచ్చింది. 2024లో 'ఫ్లో' తీసి మరుసటేడు ఆస్కార్ పట్టుకెళ్లాడు. 'ఫ్లో' ఒక్కడి పని కాదు, ఫ్రాన్స్, బెల్జియం వాళ్లు కూడా చేతులు వేశారు. కానీ అది తయారైంది బ్లెండర్ అనే సాఫ్ట్‌వేర్ మీద. ఆ బ్లెండర్ నీ లాప్‌టాప్‌లోనూ ఉంది, పైసా కట్టక్కర్లేదు. బొమ్మలేసుకునే క్రిటా ఉచితం. జీబ్లీ స్టూడియో వాడిన టూన్జ్ 2016 నుంచి ఓపెన్‌టూన్జ్ పేరుతో ఉచితం. పిల్లీ, కుక్కా, లెమూరూ ఒక్క మాట మాట్లాడకుండా తిరిగే ఆ సినిమాకి ఏ భాష అడ్డొచ్చింది?

ఊళ్లో ఉండటంలో ఇంకో లాభం ఉంది. అద్దె లేదు. మేడ మీద ఉత్తరపు గది నీకే. హైదరాబాద్‌లో నెల జీతంలో గదికీ, క్యాబులకీ పోయేది ఇక్కడ నీకు రోజులుగా మిగులుతుంది. ఒంటరిగా తీసేవాడికి పెట్టుబడి అదే. కంప్యూటర్ రెండోది.

ఇప్పుడు నీ కథ సంగతి. ఏకాదశ రుద్రులు, పదకొండు ఊళ్లు, ఐతిహ్యం, చరిత్ర, 2023 రిపబ్లిక్ డేకి ఢిల్లీలో నడిచిన మన శకటం, అన్నీ గుచ్చేశావు. వ్యాసానికి బాగుంటుంది. బొమ్మ కదిలించేవాడికి అందులో ఉన్నది ఒక్కటే, బరువు. కనుమ నాడు వెదురుతో కట్టిన గంగలకుర్రు అగ్రహారం ప్రభ మనుషుల భుజాల మీద జగ్గన్నతోటకి వెళ్తూ ఎగువ కౌశికలో దిగుతుంది చూడు, ఆ కాలువ దాటే కాసేపే సినిమా. ముందు లేదు, వెనక లేదు. గట్టు మీద మొదలుపెట్టు, అవతలి గట్టు మీద ఆపెయ్యి.

నువ్వు చిన్నప్పటి నుంచీ దాన్ని చూస్తున్నావు గానీ యానిమేటర్ కంటితో చూడలేదు. ఈసారి ప్రభ వైపు చూడకు, మోసేవాళ్ల కాళ్లు చూడు. బరువు ముందు మడమలో కనపడుతుంది, తర్వాత మోకాలు లోపలికి వంగుతుంది, ఆ తర్వాత గానీ భుజం కుంగదు. మెడ మాత్రం బరువుకి ఎదురు దిక్కుకి వాలుతుంది. నీళ్లలోకి దిగగానే అడుగు చిన్నదవుతుంది. నీటి అడుగున బురద ఉంటుంది గనక కాలు వేసిన వెంటనే ఆనదు, ఒక్క క్షణం తడుముకుని ఆనుతుంది. ఆ ఒక్క క్షణం నీకు నాలుగైదు బొమ్మలు. ఆ నాలుగైదు బొమ్మలు సరిగ్గా పడితే చూసేవాడి భుజం కూడా కుంగుతుంది. పైన వెదురు కట్టు మనుషుల కంటే ఆలస్యంగా ఊగుతుంది, దానికంటే ఆలస్యంగా రంగుబట్టలు, అన్నిటికంటే ఆఖర్న గంటలు. నీకు కాలేజీలో చెప్పిన ఓవర్‌లాపింగ్ యాక్షన్ పాఠమంతా ఆ కాలువలోనే ఉంది. "అశ్శరభ శరభ" అని అరుపు లేచినప్పుడు అందరి అడుగూ ఒక్కటవుతుంది. ఆ అరుపుకి ముందు ఎవరి అడుగు వారిది. కథ కావాలంటే అదే కథ.

ఫోను స్టాండు మీద పెట్టి వీడియో తీసుకో, కానీ దాని మీద గీతలు దిద్ది సినిమా అనకు. వీడియో జ్ఞాపకానికే. గట్టు మీద కూర్చుని గబగబా గీసిన అరనిమిషం స్కెచ్చుల్లో ఉండే తప్పులే పనికొస్తాయి. ఎక్కడ బరువు పడిందో అక్కడ నీ చెయ్యి తనకు తెలియకుండానే ఒత్తి గీస్తుంది.

కనుమ దాకా ఆగనక్కర్లేదు కూడా. ఊళ్లో రోజూ బరువు మోసేవాళ్లే. కొబ్బరికాయల వలుపు మనిషిని చూడు. నిలబెట్టిన గునపం మీద కాయ గుచ్చి, చేతులతో కాదు, నడుముతో తిప్పుతాడు. మూడు మెలికల్లో డొక్క ఊడి వస్తుంది. దింపు మనిషి చెట్టెక్కుతుంటే చేతులు లాగుతున్నట్టు కనపడుతుంది గానీ పనంతా కాళ్లది. నువ్వు హైదరాబాద్‌లో వేసిన చెట్టెక్కే కోతి షాటు నాకు పంపావు చూడు, దాంట్లో ఆ ముక్కే లేదు. రెండు రోజులు నా వెంట మార్కెట్ వైపు రా, అది దానంతటదే సర్దుకుంటుంది.

పద్ధతి గురించి ఒక సూచన. అన్నీ చేత్తో గీసే బొమ్మలే ఎందుకు? కాకినాడ పక్కన మాధవపట్నం తోలుబొమ్మలు నువ్వు ఎప్పుడో చూసే ఉంటావు, మళ్లీ వెళ్లి బొమ్మ వెనక వైపు చూడు. మెడ దగ్గర, భుజం దగ్గర, మోచేతి దగ్గర ఎక్కడ తాడు ముడి వేశారో, ఎక్కడ వెయ్యకుండా వదిలేశారో గమనించు. అన్ని కీళ్లూ కదిలితే బొమ్మ నడవదు, తూలుతుంది. ఏది కదలాలో ఏది కదలకూడదో తరతరాలుగా తేల్చుకున్నారు. తోలు పలచన గనక దీపం వెలుగు రంగులోంచి దూరి వస్తుంది, పొడిచిన చిల్లుల్లోంచి నగలు మెరుస్తాయి. జర్మనీలో లాటీ రైనిగర్ నల్ల అట్టముక్కలు కత్తిరించి, కీళ్ల దగ్గర తీగతో కట్టి, 1926లో 'ప్రిన్స్ అక్మెద్' అని పూర్తి నిడివి సినిమా పూర్తి చేసింది. ఆవిడ చేతిలో కత్తెర ఉంది. నీ ఇంటికి కాస్త దూరంలోనే రంగులతో సహా మొత్తం విద్యే ఉంది. ప్రభ మోసేవాళ్లని అలా కీళ్ల బొమ్మలుగా చేసి, నీళ్లని మాత్రం ఫ్రేము ఫ్రేముకీ చేత్తో గీసి చూడు. నేను చెప్పిన ఆ 2,160 బొమ్మల్లో మనుషుల్ని గీసే పని తప్పుతుంది. అక్కడి వాళ్ల దగ్గర కూర్చుని నేర్చుకుంటే మాత్రం వాళ్ల రోజు కూలి లెక్క కట్టి ఇవ్వు, సినిమా పేర్లలో వాళ్ల పేరు వెయ్యి. కళాకారుల మీద గౌరవమని నమస్కారం పెట్టేసి వచ్చేవాళ్లని చాలామందిని చూశారు వాళ్లు.

శబ్దం సంగతి నువ్వు ఒక్క ముక్క రాయలేదు. మీ తరం అంతా అంతే, ఆఖరి వారంలో ఎక్కడో ఉచితంగా దొరికే మ్యూజిక్ తగిలించేస్తారు. సగం సినిమా చెవిదే. అటక మీద నెలల తరబడి ఎండిన కురిడీ కాయని చెవి దగ్గర పెట్టుకుని ఊపు. లోపల గుండు కదిలే ఆ చప్పుడు ఏ లైబ్రరీలోనూ దొరకదు. డప్పు మనకుంది, పెళ్లి బ్యాండు మనకుంది. 2024లో మన ఊరి పేరు పెట్టి 'అంబాజీపేట మ్యారేజి బ్యాండు' అని సినిమాయే తీశారు కదా. చిన్న రికార్డర్ ఒకటి కొనుక్కుని తిరుగు. హెర్ట్‌జ్‌ఫెల్ట్ 'వరల్డ్ ఆఫ్ టుమారో'లో చిన్నపిల్ల గొంతు ఎవరిదనుకున్నావు? వాళ్లింటి నాలుగేళ్ల పిల్లది. డైలాగు చెప్పించలేదు, తోచినట్టు మాట్లాడుతుంటే పట్టుకుని దాని చుట్టూ సినిమా కట్టాడు. మీ అమ్మమ్మ తీర్థం రోజున పిల్లల్ని కేకలేసే గొంతు రికార్డు చేసి ఉంచు, వాడినా వాడకపోయినా. సినిమా పాట మాత్రం ఎక్కడా పెట్టకు, చిన్న ముక్కైనా సరే. యూట్యూబ్ పట్టేస్తుంది, ఫెస్టివల్ వాళ్లు పక్కన పెట్టేస్తారు.

డబ్బు సంగతికొస్తే, పొట్టి సినిమా నీకు అన్నం పెట్టదు. ప్లింప్టన్ లాంటి ఏ కొద్దిమందికో తప్ప ఎవరికీ పెట్టలేదు. అది పేరు తెస్తుంది, ఆ పేరు పని తెస్తుంది, ఆ పని అన్నం పెడుతుంది. ఈ మూడు మెట్లకి మధ్య కనీసం రెండేళ్లు పడుతుంది గనక, బయటి పనులతో కొంత గడిచినా, కనీసం ఏడాది తిండి ఖర్చు బ్యాంకులో వేసుకున్నాకే రాజీనామా ఇవ్వు. మీ నాన్న దింపు డబ్బుల్లోంచి తీసుకోకు. కాయ ధర ఎప్పుడు ఎలా ఉంటుందో ఆయనకే తెలీదు.

కూలి పని వద్దనకు. యాడ్ ఫిల్ములు, పాఠాల వీడియోలు, పిల్లల పుస్తకాలకి బొమ్మలు, ఏదైనా. కానీ పొద్దున్న మొదటి నాలుగు గంటలు సొంత సినిమాకి, ఆ తర్వాతే కూలి పని. వారంలో మూడు రోజులు దానికీ, మూడు రోజులు దీనికీ అని పంచుకుంటే కూలి పని ఆరు రోజులూ తినేస్తుంది. పని కోసం ముంబై వైపే చూడకు. మన ఊళ్లోనే ఉద్యాన పరిశోధన కేంద్రం ఉంది. కొబ్బరి ఆకు కింద చేరే తెల్లదోమ మీద మిత్ర పురుగుల్నీ, శిలీంధ్రాన్నీ వాడటం అక్కడ చాన్నాళ్లుగా చేస్తున్నారు. రైతుకి అది ఎలా పనిచేస్తుందో రెండు నిమిషాల బొమ్మలో చెప్పేవాడు లేడు. వాళ్లు డబ్బిస్తారని నేను అనడం లేదు, ఒక నమూనా చేసి పట్టుకెళ్లి అడగమంటున్నాను.

పని ఒప్పుకునే ముందు కాగితం రాయించుకో. ఎన్ని సెకన్లు, ఎన్నిసార్లు మార్పులు, ఎప్పుడు ఎంత. సగం ముందు ఇవ్వనిదే పెన్ను ముట్టకు. చుట్టాలకైతే మరీను. ఇంకోటి జాగ్రత్తగా విను. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే, జీతానికి చేసిన పని మీద మొదటి హక్కు జీతమిచ్చినవాడిది. అందుకని ఇప్పుడున్న ఆఫీసు టాబ్లెట్ మీద గానీ, ఆఫీసు వేళల్లో గానీ నీ సినిమాకి ఒక్క గీత గీయకు. నీ ఉద్యోగ కాగితం తీసి మళ్లీ చదువు, సొంత వేళల్లో చేసినదాని మీద కూడా మెలిక పెట్టి ఉంటారు ఒక్కోసారి. రేపు ఎవరైనా నీ బొమ్మ హక్కులు అడిగితే ఎన్నేళ్లకి, ఏ ఏ దేశాలకి అన్నది రాయించు. కాలం రాయకపోతే అయిదేళ్లనీ, చోటు రాయకపోతే భారతదేశం వరకేననీ చట్టం అనుకుంటుంది. "సర్వహక్కులూ, ఎప్పటికీ, విశ్వమంతటా" అని రాసుకొచ్చే కాగితం మీద మాత్రం ఎంత డబ్బొచ్చినా నీ సొంత పాత్రల్ని పెట్టకు. వాళ్ల పాత్రలైతే వాళ్లిష్టం.

ఉద్యోగంలో ఉంటే భద్రమని మీ అమ్మ అంటుంది. 2013 ఫిబ్రవరిలో 'లైఫ్ ఆఫ్ పై' పులికి ఆస్కార్ వచ్చింది. దాన్ని చేసిన రిథమ్ అండ్ హ్యూస్ ఆ బహుమతి అందుకునే నాటికే దివాలా పిటిషన్ వేసి ఉంది. ఆ కంపెనీకి హైదరాబాద్‌లోనూ స్టూడియో ఉండేది. ఇది మీ అమ్మకి నేనే చెబుతాను, నువ్వు చెబితే పొగరనుకుంటుంది. అలాగని స్టూడియోని చిన్నచూపు చూడకు. ఉన్నన్నాళ్లూ బొమ్మల పొరలన్నీ కలిపే కాంపోజిటింగ్ వాళ్ల పక్కన కూర్చుని నేర్చుకో. ఆ ఒక్క విద్యా ఇక్కడ నీకు చెప్పేవాళ్లు దొరకరు.

ఫెస్టివల్స్ గురించి ఎక్కువ రాయను. ఆనెసీ ఉంది, 1960 నుంచీ యానిమేషన్‌కి అదే కాశీ. ముంబైలో మిఫ్ ఉంది, 1990లో మొదలైంది, డాక్యుమెంటరీలకీ, పొట్టి సినిమాలకీ, యానిమేషన్‌కీ. ఏడాదికి పది చోట్లకి పంపు, ఆ పదీ ఎంచుకుని పంపు. నెల నెలా అవార్డులిచ్చే ఫెస్టివల్స్ అని కొన్ని పుట్టుకొచ్చాయి. హాలు ఉండదు, ప్రేక్షకులు ఉండరు, ఫీజు కట్టినవాడికల్లా ఆకుల దండ బొమ్మ ఒకటి పంపిస్తారు. అలాంటివి పోస్టరు మీద పెట్టుకుంటే తెలిసినవాళ్లు నవ్వుకుంటారు. కొన్ని మంచి ఫెస్టివల్స్ అప్పటికే ఆన్‌లైన్‌లో పెట్టేసిన సినిమాని తీసుకోవు. కాబట్టి ముందు తిప్పి, తర్వాత యూట్యూబ్‌లో పెట్టు. ఊళ్లో మొదటి ఆట మాత్రం అన్నిటికంటే ముందు వేద్దాం, ప్రభ మోసినవాళ్లకి. కాలు ఎక్కడ తప్పు పడిందో వాళ్లు చెప్పినట్టు ఏ జ్యూరీ చెప్పలేదు.

కళ్లు జాగ్రత్త. యానిమేటర్ ఫ్రెడరిక్ బ్యాక్ ఎంత గొప్పవాడో నీకు తెలుసు. బొమ్మల మీద కొట్టే ఫిక్సేటివ్ వల్ల ఆయనకో కన్ను పోయింది. నీది కంప్యూటర్ గనక అంత ప్రమాదం లేదు, కానీ ఇప్పుడే మణికట్టు నొప్పి అంటున్నావు. బల్ల ఎత్తు నీకు తగ్గట్టు వడ్రంగి చేత చేయిస్తాను, కొలత పంపు. కూర్చున్నప్పుడు మోచెయ్యి నేల నుంచి ఎన్ని అంగుళాలు ఉందో అది చాలు.

ఇక చేయాల్సింది. రాజీనామా ఇప్పుడు వద్దు, బ్యాంకులో ఆ ఏడాది ఖర్చు పూర్తయ్యాక చూద్దాం. కనుమకి మాత్రం సెలవు పెట్టి రా. భోగి నాటికే ఇంట్లో ఉండాలి, ఆ తర్వాత రావులపాలెం నుంచి ఇటు బస్సుల్లో కాలు పెట్టే చోటు ఉండదు. సంక్రాంతికి టికెట్లు ఆఖర్లో దొరకవు, ఈ ఉత్తరం చదవగానే తీసుకో. గట్టు మీద ఎక్కడ కూర్చుంటే కాళ్లు కనపడతాయో నేను ముందు వెళ్లి చూసి పెడతాను. సాదా కాగితాల నోట్‌బుక్కులు రెండు, మెత్తటి పెన్సిళ్లు తెచ్చుకో. ఇక్కడి దుకాణాల్లో బళ్లో పిల్లల పెన్సిళ్లే ఉంటాయి. అప్పటి లోపు ఆ ఇరవై నిమిషాల స్టోరీబోర్డులోంచి కాలువ దాటే ముక్క ఒక్కటీ విడదీసి, యానిమాటిక్ చేసి పంపు. రంగులొద్దు, గీతలు చాలు. మూడు నిమిషాలు దాటితే చూడను.

మీ అత్త పొట్టిక్కలకి పనసాకులు ఇప్పట్నుంచే చూసి పెట్టిందట, నీకు చెప్పమంది.

ఆశీస్సులతో,
మావయ్య